ఉన్నది ఉన్నట్టు

“ఉన్నదాన్ని వెబ్‌సైట్‌లోకి ఎక్కించడానికి అంతసేపా?” అన్నారు లాయరుగారు, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపి. భార్య చొక్కా అందించింది. ఇలాంటి ప్రశ్నకు సమాధానం చెప్పడం కంటే ఇంకో చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మేలు.

ఆయనగారు ఆస్తి కాగితాల మీద ఒక పుస్తకం రాశారు. అట్ట నిండా ఆయన ఫొటో, దాని కింద ఆయన ఫోన్ నంబరు, ఆ కింద “ఏ వేళనైనా నిస్సంకోచంగా సంప్రదించగలరు.” తోటి లాయర్లకు పంచిపెట్టారు. అందరూ భుజం తట్టి బల్ల సొరుగులో పడేశారు. చదివితే కదా, ఒక్కడైనా ఫోన్ చెయ్యడానికి! తర్వాత దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టమని భార్యకు పురమాయించారు. “నంబరు మాత్రం నీది పెట్టు. నాదైతే కోర్టులో మోగుతుంది. నీకేం, ఇంట్లోనే ఉంటావుగా.”

పుస్తకం ఎక్కించాక, ఇంట్లోనే ఉండే ఆవిడకు ఇక ఊపిరాడలేదు. పొయ్యి మీద పాలుంటే ఫోన్, తల మీద నీళ్లు పోసుకుంటుంటే ఫోన్. “అమ్మా, వెనక పేజీలోని పట్టిక చూడమన్నారు, ఫోన్‌లో వెనక పేజీ ఎక్కడుంటుంది?” “మా ఆయన పోయారండీ, ఇల్లు నా పేరు మీదికి మారాలంటే ఏ కాగితాలు తేవాలో ఇందులో ఎక్కడుంది?” ఎక్కడుంది! లాయరుగారి గురువుల స్తోత్రం, న్యాయశాస్త్ర మహిమ దాటుకుని, ఊపిరి బిగబట్టి చదివే ఓ వాక్యం చివర్లో నక్కి ఉంది. అత్తగారు సోఫాలోంచి కదలకుండా, “ఆ ఫోన్ పట్టుకుంటే కోడలికి లోకమే తెలీదు,” అనేవారు.

చివరికి దాన్ని తిరగరాయడానికి ఆమే కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. జనం ఫోన్‌లో అడిగిన మాటల్నే శీర్షికలు చేసింది. “భర్త పోయాక ఇల్లు నా పేరుకు మారాలంటే?” జవాబు మొదటి వాక్యంలోనే. స్తోత్రాలు తీసేసింది. పేజీలు తిప్పమనే మాటలున్న చోట, వేలితో నొక్కితే నేరుగా అక్కడికే వెళ్లేలా చేసింది. బొటనవేలితో తెర జరుపుతూ, చంకలో పిల్లతో నిలబడి చదివే మనిషిని మనసులో పెట్టుకుని ఒక్కో వాక్యం కత్తిరించింది. పెళ్లయ్యాక ఆమెకు ఒక పని ఇంత ఇష్టంగా అనిపించడం అదే మొదటిసారి. ఫోన్ మోగడం తగ్గింది. పాలు పొంగకముందే దించగలిగింది.

అంతా బాగానే ఉంది కానీ, ఒకరోజు లాయరుగారు ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చారు.

“మా సీనియర్ నలుగురిలో ఏమన్నాడో తెలుసా? ‘నీ వెబ్‌సైట్ మా వంటావిడకు కూడా అర్థమైందోయ్’ అని నవ్వాడు. పరువు తీశావు కదే!”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. అర్థం కావడం పరువు తక్కువట! ఇన్నాళ్లూ ఈ మనిషి జ్ఞానానికి తాను భయపడిందా? ఛీ, ఎంత అమాయకత్వం.

“అర్థమైతే మంచిదే కదండీ?”

“నీకేం తెలుసు? నా పుస్తకం ఉన్నది ఉన్నట్టు పెట్టు. అట్ట నుంచి అట్ట దాకా. అక్షరం కూడా మార్చావంటే ఊరుకోను.”

“మగాడి పనిలో వేలు పెట్టడమెందుకు?” అన్నారు అత్తగారు.

“సరే,” అంది ఆమె.

తాను రాసినదంతా తన పేరు మీద భద్రంగా దాచుకుంది. అది తన సొత్తు. ఆ తర్వాత పుస్తకాన్ని ఎక్కించింది. అట్ట, ఫొటో, ఆయన నంబరు, నిస్సంకోచం, అన్నీ. అక్షరం మార్చలేదు.

మర్నాడు లాయరుగారు ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఆయన ఫోన్ మోగింది. పెట్టేస్తే మళ్లీ మోగింది. “వెనక పేజీ అంటే... వెనక పేజీయేనమ్మా! అసలు మీకు ఈ నంబరు ఎవరిచ్చారు?” అని అరిచారు. మూడో ఫోన్‌కి ఎంగిలి చేత్తోనే ఫోన్‌ను ఆమె వైపు చాపారు.

“ఏమేవ్, వీళ్లకేం చెప్పాలో చెప్పు!”

ఆమె తన కంచంలో అన్నం వడ్డించుకుంది. చాలా ఏళ్ల తర్వాత, వేడివేడిగా.

“పుస్తకంలో ఉన్నదే కదండీ. ఉన్నదాన్ని చదివి వినిపించడానికి అంతసేపా?”