సముద్రానికి మంచినీళ్ళు

క్లచ్ మాస్టారికి ఆ పేరు పెట్టింది ఆయన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళే. పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, దారి పొడుగునా ఒకటే పాట పాడేవాడు. "క్లచ్చండీ, క్లచ్చు. చెవులెక్కడ పెట్టుకున్నారు? నేను చెప్పింది వింటే బండి గోడ దగ్గర ఆగుతుంది, వినకపోతే గోడే బండిని ఆపుతుంది." మాస్టారన్నాం కదా అని ప్రతిసారీ 'అన్నారు', 'వెళ్ళారు' అనక్కర్లేదు. ఈ కథ అయ్యేసరికి ఆ మర్యాద తనకి తగదని అతనికే అనిపిస్తుంది.

ఊరందరికీ వినడం నేర్పే ఈ మనిషి ఇంట్లోకి వచ్చేటప్పుడు మాత్రం చెవుల్ని చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే విడిచేసేవాడు. భార్య ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కి అర్థం విన్నానని కాదు, ఇక ఆపమని. పాపం ఆవిడ మాత్రం విన్నాడనే అనుకునేది.

ఆవిడ రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేది. మెత్తని మనిషి, గట్టి చెయ్యి. ఆవిడ కొలిచింది మళ్ళీ కొలవక్కర్లేదని అక్కడ పేరు. కొత్తగా చేరినవాళ్ళకి చుక్క ఎలా వదలాలో ఆవిడ చేతిని చూపించే నేర్పేవారు.

హాల్లో టీవీ ఉండాల్సిన చోట పొట్టి బల్ల మీద అద్దాల తొట్టి పెట్టి, అందులో ఒక చిన్న సముద్రాన్ని తయారుచేసింది కూడా ఆ చెయ్యే. మొదట్లో అందులో ఇసుక, రాళ్ళు, ఉప్పునీళ్ళు, పైన నీలంలైటు తప్ప ఇంకేమీ లేవు. చేపలు ఏవని అడిగితే, నీళ్ళు ముందు బతకడం నేర్చుకోవాలి, అప్పుడే చేపలు అనేది. వారాలు గడిచాయి. రాళ్ళకి గోధుమరంగు పాచి పట్టింది, పోయింది. మాస్టారు ఇంటికొచ్చినవాళ్ళకి, "మా ఇంట్లో రాళ్ళకి స్నానం చేయించి లైటు వేసి పడుకోబెడతామండీ" అని చెప్పి నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది. తర్వాత నత్తలొచ్చాయి, ఒక జత నారింజరంగు చేపలొచ్చాయి, గోరంత గోరంత పగడపు మొక్కలొచ్చాయి. అవి మొక్కలు కావు, జీవులే అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా మాస్టారికి అవి మొక్కలే. రెండేళ్ళు తిరిగేసరికి ఆ గోరంతలు చేటంతలై, పొద్దున లైటు వెయ్యగానే ఒళ్ళు విరుచుకుని విచ్చుకునేవి. ఎర్రచారల రొయ్య ఒకటి ఉండేది. చేపలు నోరు తెరిస్తే దూరి శుభ్రం చేసేది. దానికి కూతురు చిట్టి 'పళ్ళ డాక్టరు' అని పేరు పెట్టింది. బడి నుంచి రాగానే తొట్టిలో చెయ్యిపెట్టి దానిచేత గోళ్ళు శుభ్రం చేయించుకునేది.

ఆవిడ చెల్లెలికి పురిటినొప్పులు ముందుగా రావడంతో ఆవిడ ఉన్నపళంగా బయల్దేరాల్సి వచ్చింది. నెల్లాళ్ళ దాకా రాలేదు. ఒక చేత్తో సంచి సర్దుతూనే, తొట్టిలోంచి ఒక చుక్క తీసి, ఉప్పు చూసే గొట్టంలో చూసింది. బుల్లి దుర్భిణిలా ఉంటుందది. చుక్క వేసి వెలుగుకేసి చూస్తే లోపల నీలం ఏ అంకె దగ్గర ఆగిందో అంత ఉప్పున్నట్టు. సరిగ్గా ఉంది. తొట్టి అద్దం మీద ఒక గీత గీసి చెప్పింది.

"నీళ్ళు ఆవిరై దీనికంటే కిందికి దిగితే మంచినీళ్ళు పొయ్యండి. రోజూ చూసుకోండి."

"ఊఁ."

"మంచినీళ్ళే. వింటున్నారా?"

"ఊఁ."

ఆటో ఎక్కాక కూడా తల బయటపెట్టి, "మంచినీళ్ళండీ" అంది. మాస్టారు ఫోన్లో రేపటి క్లాసులు చూసుకుంటూ చెయ్యి ఊపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ చెవిటివాడు శంఖం బాగుందని తల కూడా ఊపాడు.

మర్నాడు గీత కిందికి నీళ్ళు దిగాయి. వెనక బాల్కనీలో రెండు డ్రమ్ములు. తెల్లదాంట్లో వడకట్టిన మామూలు నీళ్ళు. నీలందాంట్లో, తొట్టి నీళ్ళు మార్చడానికని ఆవిడ కొలిచి ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్ళు. మాస్టారు రెండింట్లోనూ వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. మంచినీళ్ళు పొయ్యమంది. మనకి మంచినీళ్ళంటే చప్పటివి. మరి సముద్రపు చేపకి? దానికి మంచివి ఉప్పునీళ్ళే కదా. అందుకేగా అన్నిసార్లు నొక్కి చెప్పింది. తన తెలివికి తనే మురిసిపోయి నీలం డ్రమ్ములోంచి చెంబు ముంచాడు. ఆ సాయంత్రం కారులో స్టూడెంటుకి కూడా ఈ సంగతి చెప్పి, మాటలో మర్మం పట్టుకోవాలండీ అని పాఠం చెప్పాడు.

అతనికి శ్రద్ధ లేదంటే పాపం తగులుతుంది. ఒక్కరోజు మానలేదు. పొద్దున్నే, చిట్టి లేవకముందే, గీత దాకా నింపి, అద్దం తుడిచి మరీ పనికెళ్ళేవాడు. ఆవిరయ్యేది నీళ్ళేననీ, ఉప్పు ఎక్కడికీ పోదనీ, ఉప్పున్న చోట రోజూ మళ్ళీ ఉప్పే పోస్తున్నాననీ అతనికి తట్టలేదు. పొయ్యి మీద గిన్నె మరిగితే ఉప్పెక్కుతుందని ఏ వంటవాడినడిగినా చెబుతాడు. మాస్టారు ఎవర్నీ అడిగే రకం కాదు.

ముందు పగడాలు విచ్చుకోవడం మానేశాయి. తర్వాత వాటి కండ కరిగి తెల్లటి ఎముకలు బయటపడ్డాయి. ఒకరోజు చిట్టి బడి నుంచి వచ్చేసరికి పళ్ళ డాక్టరు వెల్లకిలా పడి ఉన్నాడు. పిల్ల అన్నం తినలేదు. ఫోన్లో భార్య అడిగితే, బాలింత దగ్గరున్న మనిషిని కంగారుపెట్టడమెందుకని, "అంతా బాగానే ఉంది" అన్నాడు. ఆవిడ వచ్చేముందురోజు, మెచ్చుకుంటుందన్న ఆశతో డ్రమ్ములు రెండూ ఒంపేసి, తోమి, ఎండలో బోర్లించాడు కూడా.

ఆవిడ వచ్చి, సంచి భుజం మీదే ఉండగా తొట్టి ముందు నిలబడిపోయింది. కాసేపటికి గొట్టం తీసి చుక్క వేసి చూసింది. తుడిచి మళ్ళీ చూసింది.

"ఉప్పు ఇంతెందుకుంది? మీరేం పోశారు?"

"నువ్వు చెప్పినట్టే. మంచినీళ్ళే పోశాను."

అప్పటికి అది అబద్ధం కాదు. అతనికి తెలిసింది అంతే.

"మామూలు నీళ్ళు పోస్తే ఉప్పు పెరగదే. ఆవిరైపోయింది నీళ్ళేగా. వాటి బదులు చప్పటి నీళ్ళు పోస్తే ఉన్న ఉప్పు ఉన్నట్టే ఉండాలి."

మాస్టారికి అప్పుడు తెలిసింది. కాళ్ళ కింద బ్రేకు కోసం పాదం వెతుక్కుంది. ఆ క్షణంలో 'అయ్యో, నేను నీలందాంట్లోంచి పోశానే' అనేసి ఉంటే పోయేది. తిట్టేది, ఏడ్చేది, అయిపోయేది. కానీ చిట్టి చూస్తోంది. ఇన్నేళ్ళుగా నాన్నకి తెలియనిది లేదనుకుంటున్న పిల్ల.

"వెళ్ళేరోజు కంగారులో ఉన్నావు కదా," అన్నాడు. "ఉప్పు నువ్వే సరిగ్గా చూశావో లేదో."

"చూశాను. సరిగ్గానే ఉంది."

"చూశాననుకున్నావేమో. చెల్లెలి ఫోనుమీద ఫోను. నీ ధ్యాస ఎక్కడుందని."

ఆవిడ గొట్టం వైపు, తన చేతివైపు చూసుకుంది. తర్వాత నేలమీద కూర్చుని, తొట్టి అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. మాస్టారు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎలా వేశాడో ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి అర్థం కాలేదు. చిట్టి గుమ్మంలో నిలబడి, "నువ్వే చంపావు మా డాక్టర్ని" అని తల్లితో అని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తిలాపాపం తలా పిడికెడంటారు. ఇక్కడ పాపమంతా ఒకరిది, మోత ఇంకొకరిది.

మిగిలిన రెండు చేపల్నీ నాలుగు పగడాల్నీ ఆవిడ బతికించుకుంది. రోజుకింత తొట్టినీళ్ళు తీసి, అంత చప్పటినీళ్ళు పోస్తూ, మెల్లగా ఉప్పు దించింది. కానీ గొట్టంలో తను చూసినదాన్ని తనే నమ్మలేకపోయింది. "ఏమండీ, కాస్త మీరు చూసి చెప్పరూ" అని పిలిచేది. మాస్టారు ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చూసి, అంకె చెప్పేవాడు. "నాకూ అంతే కనిపించింది" అని ఊపిరి పీల్చుకునేది. దొంగకి తేలు కుట్టినట్టయ్యేది అతనికి. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికి లేదు.

అతను మంచివాడైపోయాడు. అడక్కుండా టీ పెట్టాడు, గిన్నెలు తోమాడు, బట్టలు మడతపెట్టాడు. భార్య మాట్లాడుతుంటే ఫోను పక్కనపెట్టి మొహంలోకి చూస్తూ విన్నాడు. ఆవిడ కళ్ళనిండా కృతజ్ఞత. "ఇంకొకరైతే ఎత్తిపొడిచి చంపేవాళ్ళు. మీరు మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు," అంది ఒకసారి. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చిట్టి మాత్రం ఇంకా తల్లితో ముక్తసరిగానే మాట్లాడేది. జడ కూడా నాన్నచేతే వేయించుకునేది. ఆ వంకర జడ అల్లుతున్నంతసేపూ మాస్టారు అద్దంలోకి చూసేవాడు కాదు.

ఒకరోజు కారులో, మనవలున్న ఒక పెద్దావిడకి నేర్పుతూ, కుడికి తిప్పమనబోయి ఎడమకి తిప్పమన్నాడు. ఆవిడ చెప్పినట్టే ఎడమకి తిప్పింది. బండి చెత్తకుండీని రాసుకుని ఆగింది. మాస్టారు నోరు తెరిచేలోపే ఆవిడే, "నేనే తప్పు విన్నాను బాబూ, ఏమనుకోకు" అంది.

"మీరు సరిగ్గానే విన్నారమ్మా. నేనే ఎడమన్నాను," అన్నాడతను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర నిజం ఎంత చవకో అనిపించింది.

ఆ సాయంత్రం భార్య ల్యాబు నుంచి వచ్చి, తెల్లకోటు విప్పి మడతపెట్టి బీరువా పైఅరలో పెట్టింది. రోజూ తలుపు వెనక కొక్కేనికి తగిలించే కోటది.

"అక్కడెందుకు పెట్టావు?" అన్నాడు.

"ఇక అక్కర్లేదు. రేపట్నుంచి నన్ను ముందు కౌంటర్లో వేయమన్నాను. పేర్లు రాసుకోవడం, రిపోర్టులు ఇవ్వడం."

"ఎందుకు?"

"ఒక్కో శాంపిలూ మూడుసార్లు చూస్తున్నానండీ. అయినా నమ్మకం కుదరట్లేదు. కళ్ళముందు తొట్టిలో ఉప్పే అంత తప్పు చూసినదాన్ని, రక్తం తప్పు చూస్తే? అక్కడ చచ్చేది రొయ్యలు కాదు."

మాస్టారు మంచం అంచున కూర్చున్నాడు.

"నువ్వు తప్పు చూడలేదు," అన్నాడు. "నేను నీలం డ్రమ్ములోంచి పోశాను. నెలంతా. చేపలకి మంచినీళ్ళంటే అవేననుకున్నాను. నువ్వొచ్చి అడిగినప్పుడే నాకు తెలిసింది. తెలిసే నీ మీదికి నెట్టాను."

ఆవిడ బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. తిడుతుందని చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"రోజూ మిమ్మల్ని పిలిచి గొట్టంలో చూడమన్నాను," అంది చివరికి. "రోజూ వచ్చి చూశారు."

"అవును."

"నీళ్ళ సంగతి పోనివ్వండి. ఆ మాట ఎవరైనా తప్పుగా అర్థం చేసుకోవచ్చు. కానీ ఇన్నేళ్ళు పనిచేసిన నా చేతిని నేను నమ్మలేదు. మీ మాట నమ్మాను." కోటు పైఅరలోంచి తీసి, మడత విప్పి, కొక్కేనికి తగిలించింది. ల్యాబుకి ఫోన్ చేసి, కౌంటర్ వద్దు, రేపు నా బల్ల దగ్గరికే వస్తాను అని చెప్పింది. ఫోను పెట్టి అతనివైపు తిరిగింది.

"నాకు చెప్పారు. చిట్టికీ చెప్పండి."

"రేపు చెబుతానే."

"ఇప్పుడే చెప్పండి. అది నాతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో మీకు తెలియదా?"

చిట్టి హాల్లో హోంవర్కు చేసుకుంటోంది. మాస్టారు వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోవడానికి మొహం చెల్లలేదు. రోడ్డు మీద వందలమందికి పాఠం చెప్పిన నోరు మాటలు కూడబలుక్కుంది. డ్రమ్ముల సంగతి చెప్పాడు. అమ్మ సరిగ్గానే చూసిందని చెప్పాడు. తప్పు తనదని తెలిసి కూడా అమ్మదన్నానని చెప్పాడు. పిల్ల పెన్సిలు పుస్తకంలో పెట్టి, చెప్పిందంతా విన్నది. ఏడవలేదు, కోప్పడలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు తొట్టి వైపు చూసింది.

"ఆ రోజు అమ్మ ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే," అంది, "నువ్వు పక్కనే ఉన్నావు కదా నాన్నా?"

"ఉన్నానమ్మా," అన్నాడు.