చుక్క దగ్గర జివ్వుమంది

దర్జీ చెయ్యి విరిగి అయిదు నెలలైంది. భుజానికీ మోచేతికీ మధ్య ఎముకకు ప్లేటు వేశారు. ఎముక అతికింది. కానీ ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చేసరికి మణికట్టు వాలిపోయి ఉంది. వేళ్లు పైకి లేవలేదు. కత్తెర తెరవాలంటే ఆ వేళ్లే లేవాలి.

దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగితే రోజుకు మిల్లీమీటరు పెరుగుతుంది. ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఫిజియోథెరపిస్టు నెలకోసారి అతని చేతిమీద వేలితో తట్టుకుంటూ కిందికి పోతుంది. నరం కొస ఉన్నచోట జివ్వుమంటుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టి, కొలిచి, కాగితంలో రాస్తుంది. నెలకు మూడు సెంటీమీటర్లు. ఆ కాగితాన్ని బట్టే సర్జన్, నరం పెరగకపోతే చెయ్యాల్సిన రెండో ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చాడు.

లెక్క ప్రకారం ఈపాటికి మణికట్టు కదలాలి. ఆమె అతని ముంజేతిమీద రెండు వేళ్లు ఆనించింది.

"లేపండి బాబాయ్."

వేళ్ల కింద ఏమీ కదల్లేదు. పోయిన నెలకంటే కండ పలచబడింది.

"ఇంకోసారి."

"ఆయన్నేం అడుగుతావులే అమ్మా," అంది పక్కనున్న భార్య. "నేను గిల్లితే ఉలకడు పలకడు. నువ్వు వేలు పెడితే చాలు, జివ్వుమంటాడు."

"నీ గిల్లుడికి అలవాటు పడిపోయానే."

ఫిజియోథెరపిస్టు కూడా నవ్వబోయి ఆగిపోయింది. అతని చేతిమీద పోయిన నెల చుక్క ఉంది. దానికి మూడు సెంటీమీటర్ల కింద ఇంకోటి ఉంది. అదీ తను పెట్టిందే. ధైర్యం కోసం ప్రతి నెలా పెట్టేది, వచ్చేసారి ఇక్కడికి రావాలి బాబాయ్ అంటూ. స్నానానికి చెరిగితే అతనే దిద్దుకునేవాడు.

"కళ్లు మూసుకోండి."

కింది చుక్క మీద తట్టింది. అతను మాట్లాడలేదు. పైచుక్క మీద తట్టింది. పలకలేదు. ఒక్కో వేలెడు పైకి పోయింది. కుట్టు మచ్చ పక్కన తట్టగానే భుజం ఎగిరింది.

"ఇక్కడ! ఇక్కడ తల్లీ!"

మొదటి నెల జివ్వుమన్నది అక్కడే.

"మరి కింద జివ్వుమందన్నారుగా?"

దర్జీ కళ్లు తెరిచాడు. భార్యకేసి చూశాడు.

"కొద్దిగా అన్నట్టే అనిపించేది తల్లీ. నువ్వు చుక్క పెట్టిన చోటికి రాకపోతే మళ్లీ కోస్తారన్నారుగా. నలభై ఏళ్లు గీత మీదే కోశాను. గీత ఉన్నచోట లేదని ఎట్లా అంటాను?"

ఆమె వరండాలోకి వెళ్లి సర్జన్‌కు ఫోన్ చేసింది. అంతా విని అతను అడిగాడు.

"పెరుగుతోందని రాశావు కదమ్మా?"

"రాశాను సార్."

"నాలుగు నెలలు."

"అవును సార్."



"రేపు పొద్దున్నే పంపు. తెరిచి చూద్దాం. ఇంత ఆలస్యమయ్యాక చెయ్యి వస్తుందని మాత్రం నువ్వు చెప్పకు."

లోపలికి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మంకేసే చూస్తున్నారు.

"ఏమన్నారు తల్లీ?"

"రాత్రి పెందరాళే తినెయ్యండి బాబాయ్," అంది. "పొద్దున పరగడుపున రావాలి."