వాసన లేని తుంగ

నేను "ఫ్లోరా" అన్నాను. మా అత్త పేరు పెద్దతల్లి, ఆవిడకి అది "ఫ్లోరు" అని వినిపించింది. దేశమంతటికీ ఫ్లోరు వేయిస్తున్నారట, అందులో మా కోడలికీ కొంత పని ఇచ్చారట అని గంటలో వీధంతా చెప్పేసింది. సాయంత్రానికల్లా టెక్కలి నుంచి మా ఆడపడుచు భర్త గణపతిరావు ఒక గ్రానైట్ ముక్క పట్టుకుని దిగాడు. ఆయనకు అక్కడ రాళ్ళు కోసి మెరుగుపెట్టే యంత్రం ఉంది.

"సెల్లెమ్మా, దేశమంటే ఎన్ని సదరపు అడుగులొత్తాది?"

"అడుగులు కాదన్నయ్యా, ఆకులు," అన్నాను. దేశంలోని మొక్కలన్నిటినీ కుటుంబాల వారీగా వర్ణించి పుస్తకాలుగా వేస్తారనీ, దాన్నే ఫ్లోరా అంటారనీ, అందులో తుంగ కుటుంబం రాస్తున్న విశాఖ పెద్దాయన వైకుంఠరావు గారికి నేను నమూనాలు పంపుతాననీ చెప్పాను. గణపతిరావు రాయిని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "అయితే గడ్డి అన్నమాట." పక్కనే కూర్చున్న మా ఆయన జగదీశ్వరరావు నవ్వారు. "గడ్డి కూడా కాదు బావా, కలుపు."

నేనూ నవ్వాను. ఈ ఇంట్లో అందరికంటే ముందు నన్ను చూసి నేనే నవ్వుతాను, మిగతావాళ్ళకి శ్రమ తగ్గుతుందని. పలాసలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. నా పేరు మాధవీలత. పేరులోనే తీగ ఉంది కనుక తాను పందిరినని మా ఆయన పెళ్ళయిన ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. మూడు పూటలా పందిరికి వండిపెట్టే తీగను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒకసారి ఆ మాటే అంటే, "నీకు మాటలెక్కువ," అని కంచం జరిపి లేచిపోయారు. ఆ కంచం ఎత్తింది కూడా నేనే.

తుంగలు మహా చిక్కు కుటుంబం. పువ్వుకి రంగు లేదు, రేకు లేదు, వరసగా నిలబెడితే అన్నీ అక్కచెల్లెళ్ళే. ఇలాంటి గుంపు ఎదురైతే శాస్త్రవేత్తలు రెండు జట్లుగా విడిపోతారు. చిన్నచిన్న తేడాలు పట్టించుకోకుండా అన్నిటినీ ఒకే జాతిగా కలిపేసేవాళ్ళు ఉమ్మడి కుటుంబం జట్టు. తేడా కనపడగానే విడగొట్టేవాళ్ళు వేరు కాపురం జట్టు. వైకుంఠరావు గారిది మొదటి జట్టు. ఒక జాతిని ఇంకోదాంట్లో కలిపేయడాన్ని ఆయన "సింక్ చేయడం" అంటారు. నాకు తెలిసిన సింకు నిండా ఎప్పుడూ గిన్నెలే.

అక్కుపల్లి దగ్గర సరుగుడు తోట వెనక, ఇసుకలో ఒక పల్లం ఉండేది. వానాకాలం అక్కడ నీళ్ళు నిలిచేవి. ఆ తడిలో ఒక తుంగ మొలిచేది. పైపైన చూస్తే మామూలు తుంగే. పీకి చూస్తే తేడా తెలిసేది. మామూలు తుంగకి గడ్డలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. దీనికి దారం లేదు. గడ్డలన్నీ మొదలునే కరుచుకుని నల్లటి పీచు కప్పుకుని ఉండేవి. ఉద్దానమంతా వెతికాను, జలంత్రకోట దాకా వెళ్ళాను, మరెక్కడా దొరకలేదు. ఐదు వానాకాలాలు కాలేజీ అయ్యాక బస్సెక్కి వెళ్ళి ముప్పై రెండు మొక్కలు తవ్వాను. పొలం మట్టి గడప దాటకూడదని మా అత్త నియమం. అందుకని పెరటి కుళాయి దగ్గరే అడుగు భాగాలు కోసి, కడిగి, మా ఆయన ఫ్యాక్టరీలో జీడిపప్పు ఆరబెట్టే వేడిగదిలో ఎండబెట్టేదాన్ని. ఒక్కో మొక్క గడ్డల్ని ఒక్కో పొట్లంలో కట్టి, నంబరు వేసి, జీడిపప్పు డబ్బాలో దాచాను. పై భాగాలు పాతపేపర్ల మధ్య నొక్కి ముందుగా పంపాను.

జవాబు వచ్చింది. "అమ్మా, వేరు చూడకుండా వేరు జాతి అనలేను. అడుగు భాగాలు డిసెంబరులోగా పంపండి. లేకుంటే మామూలు తుంగలో కలిపేస్తాను."

పెద్దాయనకీ శ్లేష వచ్చునన్నమాట. ఆ పూట కూర మాడినా నాకు తెలియలేదు. ముప్పై రెండు పొట్లాలూ చూస్తే కలిపేసే జట్టు మనిషి కూడా విడగొట్టి తీరాలి. దేశం మొత్తానికి రాసే పుస్తకంలో అక్కుపల్లి పేరు ఉంటుంది, తవ్విన మనిషిగా నా పేరు ఉంటుంది. ఎవరి భార్యో, ఎవరి కోడలో అక్కడ రాయరు. కాని ఒకసారి చెయ్యి దాటితే మళ్ళీ దొరకవు, ముందు భూతద్దం పెట్టి బొమ్మలు గీసుకోవాలి. ఆదివారం గీద్దామనుకున్నాను.

ఆ ఏడే అత్తకి కాళ్ళు వాచాయి. రక్తపరీక్ష చీటీలో కిడ్నీల అంకె పెరిగి ఉంది. ఆ అంకె ఎంతుంటే ఏమవుతుందో ఉద్దానంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. వారానికోసారి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మా ఆయనకి ఫ్యాక్టరీ ఉంది, ఆడపడుచుకి టెక్కలి ఉంది, నాకు ఆదివారం ఉంది. కనుక ఆదివారాలు అత్తవయ్యాయి. వాపుకి తుంగగడ్డల కషాయం మంచిదని ఎవరో చెప్పారు. డాక్టరు మందులు తప్ప ఏదీ వద్దన్నాడు. "కసాయం 'ఏదీ' కిందకి రాదు," అని మా ఆయన తీర్పిచ్చారు. బజారు నుంచి గడ్డలు తెచ్చి, ఫ్యాక్టరీలో దంచించి, పొడి సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టేవారు. కొడుకు సేవ అంతటితో పూర్తయ్యేది. పొద్దున్నే కాచి, వడకట్టి, చల్లార్చి, తాగించేది నేను.

నవంబరులో ఒక ఉదయం అత్త గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఇది అది కాదే, మాధవీ."

"ఏది ఏది కాదత్తా?"

"మొన్నటిదాకా వాసనొచ్చీది. దీనికి వాసన నేదు. మరేటో కాత్తన్నావు."

నా బస్సుకి పది నిమిషాలుంది. "రెండూ ఒకటే అత్తా. తుంగ తుంగే. తాగు."

తాగింది. ఇరవై రోజులు తాగింది. రోజూ "వాసన నేదే" అనేది. రోజూ "ఒకటే" అనేదాన్ని.

డిసెంబరు మొదటివారంలో అత్తని ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఆడపడుచు తోడుండటంతో నాకు ఒక ఆదివారం మిగిలింది. పెన్సిలు చెక్కుకుని డబ్బా మూత తీశాను. నంబర్లు వేసిన కాగితాలు చక్కగా మడతపెట్టి ఉన్నాయి. మరేమీ లేదు.

"డబ్బాలోవి ఏమయ్యాయండీ?"

"తుంగ్గడ్డలేనా? అమ్మకి దంచించీసేను. ఇంట్లో డబ్బాడుంటే బజారుకెల్లడమేటి?" మా ఆయన పేపరు దించలేదు.

"అవి నావి."

అప్పుడు దించారు. "అమ్మ కన్నా గడ్డలెక్కువేటి నీకు?"

ఖాళీ కాగితాలు మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేశాను. మర్నాడు సెలవు పెట్టి అక్కుపల్లి వెళ్ళాను. పల్లం ఉన్నచోట రొయ్యల చెరువు ఉంది. కాపలా ఉన్న తవిటయ్య గట్టు మీంచి లేచాడు.

"ఏటెతుకుతన్నారమ్మా?"

"తుంగ."

"మిసను పెట్టి మొత్తం గీకించీసేరు. ఒక్క మొక్క నేదు, సుబ్బరంగా ఉంది."

పద్ధతుల్ని తుంగలో తొక్కారంటారు కదా, తుంగనే తొక్కేస్తే ఎందులో తొక్కినట్టో ఆలోచించుకుంటూ బస్సు దాకా నడిచాను. నా జోకుకి నాకే నవ్వు రాకపోవడం అదే మొదటిసారి.

అత్త జనవరిలో పోయింది. ఆ వారంలోనే వైకుంఠరావు గారి ఉత్తరం వచ్చింది. "గడువు దాటింది, కలిపేశాను. అడుగు భాగాలు ఏమయ్యాయో రెండు ముక్కలు రాస్తే మీ మొక్క అంటించిన నమూనా అట్ట మీద అతికిస్తాను. ముందుముందు చూసేవాళ్ళకి తెలుస్తుంది."

పదకొండో రోజున భోజనాలయ్యాక బంధువులంతా పందిట్లో కూర్చున్నారు. గణపతిరావు గొంతు పెంచాడు. "మా సెల్లెమ్మలాటి కోడలు ఏ ఇంట్లోనూ నేదు. అత్త కోసం అయిదేల్లు ఇసకలో పడి తవ్విందట గడ్డలు. తన సేతుల్తోనే కాసి పోసిందట."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన నేల చూస్తూ తల ఊపారు. ఊరికి ఆయన చెప్పుకున్న కథ అదన్నమాట. నేను లోపలికి వెళ్ళి, పొద్దున వైకుంఠరావు గారికి రాసిన కార్డు తెచ్చాను.

"అవి అత్త కోసం తవ్వినవి కావన్నయ్యా. ఈ కార్డు వింటే మీకే తెలుస్తుంది."

"ఇప్పుడివన్నీ ఎందుకు?" అన్నారు మా ఆయన.

చదివాను.

"అయ్యా, అక్కుపల్లి తుంగ, ఒకటి నుంచి ముప్పై రెండు వరకు. అడుగు భాగాలు నేను పుస్తకం కోసం దాచినవి. నన్ను అడక్కుండా మా ఇంట్లో దంచారు. తెలియక కషాయం కాచింది నేను. మొక్క ఉన్న చోటు ఇప్పుడు చెరువు. గడ్డలకు వాసన లేదని గుర్తించినవారు మా అత్తగారు పెద్దతల్లి, ఇరవై రోజులు రోజూ చెప్పారు. రెండూ ఒకటేనని కలిపేసింది, మీ కంటే ముందు, నేను."