తెరవని మూత

నవంబరు తొమ్మిదో తేదీ ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, గాలి కదలని వేళ, లోయంతా మంచు కమ్ముకొని ఉండగా, నల్లమల అడవిలో నన్నొక మద్దిచెట్టుకు పదిహేను అడుగుల ఎత్తున కట్టారు. నేను ఒక చెక్కపెట్టెను. పిడికిలి దూరేంత ద్వారం, పైన కీళ్లమీద తెరుచుకునే మూత; ఇంతే నా దేహం.

నా పుట్టుకకు కారణం ఒక గాలివాన. తొర్రలున్న ముసలి చెట్లన్నీ ఆ ఒక్క వానకే కూలాయి. తొర్ర లేనిదే ఎగిరే ఉడుతకు పగటి నిద్ర లేదు, పురుడూ లేదు. అందుకని ఇందుమతి అనే జీవశాస్త్ర పరిశోధకురాలు నావంటి పెట్టెలను పద్దెనిమిది చేయించింది.

జనవరిలో ఒక ఎగిరే ఉడుత వచ్చి, బెరడు నార తెచ్చి నాలో పరుచుకుంది. దాని వెచ్చని ఊపిరిలో నేను మళ్లీ చెట్టునై చిగురిస్తున్నట్టు కలలు వచ్చేవి. ప్రతి శుక్రవారం ఇందుమతి నిచ్చెన ఎక్కి నా మూత తీసేది, కొలతలు రాసుకొనేది, ఎంతో మర్యాదగా మూసేది. మూడో శుక్రవారం తరువాత ఉడుత తిరిగి రాలేదు. మనుషులు తాము ప్రేమించినదాన్ని తెరిచి చూడకుండా ఉండలేరు.

మరుసటి ఏడు ఇంకొకటి వచ్చింది, నిండు చూలుతో. దాని వెనుకే పైఅధికారుల ఉత్తరమూ వచ్చింది: ఈ నెలాఖరులోగా ఒక్క పెట్టెలోనైనా పిల్ల పుట్టిన రుజువు చూపకపోతే అన్నింటినీ దింపేయాలని.

నెల చివరి రోజున ఇందుమతి నిచ్చెన ఆనించింది. చెంచుపెంట అనే గూడెం నుంచి వచ్చిన కాపలాదారు బయ్యన్న అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు మేడమ్. బాలింత ఇంట్ల ఊకూకె తొంగిచూస్తే ఎవరుంటరు?"

"చూడకుండా పిల్ల ఉందని ఎలా రాయను బయ్యన్నా? ఫోటో అడిగారు."

"దాన్నే బయటికి రమ్మంటే పాయె. కెమెరా పట్టుకోని ఆ పొద చాటుకు పో. దగ్గకు మరి!"

అతని తండ్రి కాలంలో వేటగాళ్లు చెట్టు మొదలును పుల్లతో గీరేవారట. ఉడుము ఎక్కివస్తోందనుకొని ఉడుత తొర్రలోంచి తల బయటపెట్టేది. అదే దాని చివరి చూపు. బయ్యన్న వంగి, గొడ్డలి కామతో బెరడును మెల్లగా మూడుసార్లు గీరాడు. నాలో నార కదిలింది. ద్వారంలో ముందుగా తల్లి ముఖం, దాని గడ్డం కింద మరో చిన్న ముఖం, నిద్ర తీరని నల్లని కళ్లు.

కెమెరా ఒక్కసారి చప్పుడు చేసింది. ఇద్దరూ నిచ్చెన మోసుకొని వెనుదిరిగారు.

"మీ నాయన చూస్తే మెచ్చుకొనేవాడు."

"తిడుతుండె మేడమ్, కూర ఇడిసిపెట్టినవని!"

ఆరేళ్లకు అడుగుపలక పుచ్చి, కట్టు తెగి నేను నేలకు రాలాను. మిగిలిన పదిహేడు పెట్టెలలో ఆ సంవత్సరం పదకొండింట పిల్లలు పుట్టాయి.