పిల్లికి ఇచ్చిన గది

పిల్లి తోక నిటారుగా ఎత్తి, కాస్త వణికించి, మా ఆయన బూట్ల మీద ఉచ్చ చిమ్మి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. నేను ఫినాయిలు బకెట్టు అందుకున్నాను.

దాన్ని వదిలించుకోవడం కుదరదు. మా ఆయన పై ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ కానుకగా ఇచ్చిన పిల్లి అది. ఆ పెద్దమనిషి ఫోన్ చేస్తే ముందు పిల్లి క్షేమం, తర్వాత మా ఆయన క్షేమం అడుగుతాడు. నా వంతు వచ్చేలోపు పెట్టేస్తాడు. అందుకని ఇంట్లో దాన్నెవరూ పల్లెత్తు మాట అనరు. మూగజీవి, కావాలని చేస్తుందా అంటారు మా అత్తగారు. అనాల్సినవన్నీ నన్నంటారు, నేను మూగదాన్ని కాదు కాబట్టి.

పరదాలు, సోఫా కాళ్లు, బీరువా తలుపు. నేనెంత రుద్దితే అదంత పోసింది. మా ఆఫీసులో పక్క సీటావిడ పాపం కిటికీ తీసి కుర్చీ అటు జరుపుకుందంతే. మా ఆయన మాత్రం నీ చేతులు కంపు కొడుతున్నాయి, అటు తిరిగి పడుకో అన్నాడు. తిరిగాను. అటు గోడ ఉంది. దాన్నీ పొద్దున నేనే కడిగాను.

చివరికి పశువుల డాక్టరమ్మకి చూపించాను. జబ్బేమీ లేదంది. దేంతో కడుగుతున్నారని అడిగింది. చెప్పాను.

"అదే పొరపాటు. మీరు కడిగే కొద్దీ దాని వాసన ఇంట్లో ఎక్కడా మిగలడం లేదమ్మా. తన చోటు పోయిందని హడలిపోతోంది. దానికో గది ఇవ్వండి. అక్కడున్నప్పుడు ఎవరూ కదపకండి."

నాకు ఏడుపొచ్చింది. పిల్లి కోసమనుకుని, దానికేం కాదులెమ్మని ఆవిడ ధైర్యం చెప్పింది.

ఆ సాయంత్రమే సామాన్ల గది ఖాళీ అయింది. పెళ్లైన కొత్తలో ఆ గదిలో ఒక కుర్చీ వేసుకుంటానంటే, "ఇల్లంతా నీదేగా, మళ్లీ గదెందుకు" అని నవ్విన మనిషే అట్టపెట్టెలు స్వయంగా మోశాడు. పిల్లికి ప్రశాంతత కావాలని టీవీ గొంతు కూడా తగ్గించాడు.

తిండి పెట్టే వంకతో నేనూ లోపలికెళ్లి తలుపేసుకునేదాన్ని. పిల్లి ఒక మూల, నేనొక మూల. ఒకరి జోలికి ఒకరం వెళ్లేవాళ్లం కాదు. బయట ఎవరైనా నన్ను పిలవబోతే అత్తగారే "ఉష్, లోపల పిల్లుంది" అని ఆపేవారు. ఒకరోజు చల్లగా ఉందని శాలువా మొహం దాకా లాక్కుంటే ఏదో వాసన వచ్చింది. అది నాదేనని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

పిల్లి పోయడం మానేసింది. మా ఆయన టేపు పట్టుకొచ్చి గది కొలిచాడు.

"దానికి నయమైందిగా. వ్యాయామం మిషను కొన్నాను, ఇందులో పెట్టిస్తా. కడిగి ఉంచు."

"సరేనండీ" అన్నాను.

మిషను వచ్చి హాల్లో నిలబడింది. మధ్యాహ్నం తల్లీ కొడుకూ కునుకు తీస్తుంటే, పిల్లి ఇసుక ట్రేలో గుడ్డ అద్ది తెచ్చి ఆ మిషను కాళ్లకి, పిడికి, సీటుకి శ్రద్ధగా పూశాను. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేను తుడవకుండా పూసింది అదొక్కటే. నేరం పిల్లి మీదికి పోతుందని తెలుసు. దాన్నెవరూ ఏమీ అనరనీ, మళ్లీ గది ఇచ్చేస్తారనీ తెలుసు.

నేనే చేశానని తెలిస్తే, నాకు గది ఎందుకో చెప్పమంటారు.