తువ్వాల కింద బేరం

రామచంద్రయ్య ఖాట్మండులో ఇరుక్కుపోవడానికి కారణం బామ్మర్ది మల్లన్న. ఇందులో రెండో మాట లేదు. "అక్క మొక్కు తీరకుంటనే పాయె బావా, పశుపతినాథుని కాడికి మనమన్న పోదాం" అని పెబ్బేరు నుంచి లాక్కొచ్చింది వాడే. చనిపోయిన అక్క మొక్కు గుర్తుంది గానీ, ఖాట్మండులో గొడవలున్నాయేమో కనుక్కోవాలని వాడికి తోచలేదు.

మూడు రోజులుగా కర్ఫ్యూ. విమానాలు లేవు. లాడ్జి కిటికీ తెరిస్తే పొగ. ఎంబసీ వాళ్ళు ఫోన్లో పేర్లు రాసుకుని, తాము చెప్పేదాకా గేటు దాటొద్దన్నారు.

నాలుగో రోజు పొద్దున గేటు ముందు ఒక జీపు ఆగింది. రామచంద్రయ్య చెప్పులేసుకున్నాడు.

"యాడికి బావా?" అన్నాడు మల్లన్న.

"బార్డరుకు. బేరం జేసొస్త."

"ఎంబసోళ్లు కదలొద్దన్నరు గదా! తొవ్వల ఏమన్న అయితే?"

"నీ మాట ఇనే గదా ఈడ పడ్డ. నోర్ముయ్."

ముప్పై ఏళ్ళు పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చిన మనిషి. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి చెప్తారు. భాష రాని చోట ఇంతకన్నా ఏం కావాలి? గేటు దాటి, జీపు డ్రైవరు చెయ్యి అందుకుని తువ్వాల కప్పాడు. మూడు వేళ్ళు నొక్కాడు. డ్రైవరు మెలికలు తిరిగాడు. తక్కువైందేమోనని నాలుగోదీ నొక్కాడు. డ్రైవరు చక్కిలిగింతలకు కిచకిచ నవ్వాడు.

మలుపులో ఉన్న సిపాయి నవ్వలేదు. తువ్వాల కింద ఏం దాచారోనని తుపాకీ ఎత్తి అరిచాడు. రామచంద్రయ్య కొయ్యబారిపోయాడు. చెయ్యి తీస్తే కాలుస్తాడేమో, తీయకపోయినా కాలుస్తాడేమో.

మల్లన్న రెండు చేతులూ పైకెత్తి గేట్లోంచి ఉరికాడు. "సార్! బైల్, బైల్!" అని వచ్చీరాని హిందీలో ఎద్దు పేరు చెప్తూ, తల మీద వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, నడివీధిలో ఎద్దులా అంబా అని అరిచాడు.

సిపాయి తుపాకీ గొట్టంతో తువ్వాల ఎత్తి చూశాడు. లోపల చేతులు పట్టుకున్న ఇద్దరు మగాళ్ళు. అంతే, పగలబడి నవ్వాడు. డ్రైవరు నవ్వాడు. లాడ్జి కిటికీల్లో యాత్రికులంతా పొట్టలు పట్టుకున్నారు. సిపాయి రామచంద్రయ్యను చెయ్యి పట్టి లోపలికి నడిపించి, గేటు తనే వేశాడు. అప్పుడు రామచంద్రయ్య గొంతులోంచి కూడా ఏదో తన్నుకొచ్చింది. భుజాలు ఊగాయి, కళ్ళ నీళ్ళు కారాయి.

"నవ్వినవ్ బావా! అక్క పోయినంక ఇగో, ఇయ్యాల నవ్వినవ్!"

"తుమ్మిన."

రెండు రోజులకు విమానాలు మొదలయ్యాయి. అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. పెబ్బేరు సంతలో గడ్డి అమ్మే ఎంకమ్మ ఎదురొచ్చి, "ఏందన్నా, ఖాట్మండుల బేరం జేసినవంట?" అంది.

"ఇంకోపారి అడిగితే నీతో మాట బంద్" అన్నాడు రామచంద్రయ్య. ఆ ముచ్చట ఆ తర్వాత ఆయన నోట రాలేదు. రాదు.