నిజానికి నాది ఇది కాదు

కాలేజీలో ఆమెను అందరూ డబుల్ అనే పిలిచేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మొదటి ఏడాదిలోనే మూలపడింది. కెమిస్ట్రీలో ఒక డిగ్రీ, నాటకంలో ఒక డిగ్రీ, రెండూ ఒకేసారి చదువుతోంది కాబట్టి ఆ పేరు. ఎగతాళికి పెట్టిందే. కానీ డబుల్ దాన్ని బిరుదులాగా మోసింది. ఒక్క సబ్జెక్టుతో సరిపెట్టుకునేవాళ్ళంటే ఆమెకు జాలి, జాలికన్నా ముందు చులకన. "పాపం, ఒంటికన్నువాళ్ళు" అనేది వాళ్ళను చూసి, తనకేదో నాలుగు కళ్ళున్నట్టు.

ముందు కెమిస్ట్రీ సంగతి చెప్పుకుందాం. ల్యాబ్ మూడో అంతస్తులో ఉండేది. పొడుగాటి గది, మరకలు పడ్డ బల్లలు, బల్లకొక సింకు, ఏ కాలంలోనైనా ముక్కుకు తగిలే ఘాటు వాసన. ఆ గదిలో అందరికన్నా ముందొచ్చి అందరికన్నా వెనక పోయే కుర్రాడొకడు ఉండేవాడు, డబుల్ చదివే క్లాసువాడే. సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట చుక్కచుక్కగా రాలుస్తాడు. డబుల్ వాడికి బ్యూరెట్ అని పేరు పెట్టింది. అంటే ల్యాబులో స్టాండుకు నిలువుగా బిగించే, కింద కుళాయి ఉన్న గాజు గొట్టం. ఆ పేరు క్లాసంతా అంటుకుంది. వాడు పలికేవాడు కూడా. పలక్క ఏం చేస్తాడు, రోజంతా దాని ముందే నిలబడితే.

ఆ గొట్టంతో చేసే పని చెప్పడానికి చాలా చిన్నది. కింద ఫ్లాస్కులో ఆమ్లం ఉంటుంది, అందులో రంగు తేల్చే మందు రెండు చుక్కలు, చూడ్డానికి మంచినీళ్ళే. పైనుంచి కుళాయి తిప్పుతూ క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. ఏదో ఒక చుక్క దగ్గర ఫ్లాస్కులోది లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. కనిపించీ కనిపించనంత లేత. అక్కడ కుళాయి కట్టేయాలి. ఇంకొక్క చుక్క పడినా చేసిందంతా వృథా. డబుల్ చేతిలో అది ఒక్కనాడూ లేత గులాబీ కాలేదు. ప్రతిసారీ బీట్‌రూట్ రసమే.

కెమిస్ట్రీ సారు వచ్చి ఫ్లాస్కు చూసేవాడు. కళ్ళజోడు తాడుకు వేలాడేసుకునే మనిషి, నవ్వడం ఆ ఉద్యోగంలో భాగం కాదనుకునే రకం.

"ఏంటమ్మా ఇది?"

"సార్, నిజానికి నాది ఇది కాదు సార్. నేను నాటకాల మనిషిని. చెయ్యి కొంచెం తొందరపడుతుంది."

సారుకు నాటకాలంటే ముఖాన రంగేసుకుని అరవడమని మాత్రమే తెలుసు. ఆ అరిచేవాళ్ళలో ఒకతె మెట్లెక్కి వచ్చి గాజు గొట్టం పట్టుకోవడమే ఘనకార్యం అనుకున్నాడు. అక్కడేదో వెలగబెడుతోంది కదా, ఇక్కడ మనమెందుకు అడ్డం పడాలి అని పాసు మార్కులు వేసి పంపించేవాడు. అది దయ అనుకునేరు. అవతలి సబ్జెక్టంటే లెక్కలేనితనం, అంతే.

ఇక నాటకం. ఆ హాలు వెనక బిల్డింగులో ఉండేది. కిటికీలకు నల్లగుడ్డ, చెక్క స్టేజీ, కూర్చోవడానికి నేల. కుర్చీలున్నా కూర్చోరు, అదొక గొప్ప. అక్కడి పిల్లలు పొద్దస్తమానం ఏదో ఒకటి ఫీలవుతూ ఉంటారు. ఒకమ్మాయి తను తలుపుగా మారాలని వారం రోజులు గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరో వచ్చి తోస్తే గానీ కదలలేదు. డబుల్ వాళ్ళనీ ఈసడించేది. "వీళ్ళకి నీళ్ళు ఎందుకు మరుగుతాయో కూడా తెలీదు" అనేది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ వాళ్ళ గొంతు చివరి వరుస దాకా వినబడేది, డబుల్‌ది మూడో వరుస దాటేది కాదు. పైగా ఏ దుఃఖం వచ్చినా ఆమె కుడిచెయ్యి నుదుటి మీదికి ఎక్కేది. మొగుడు పోయినా చెయ్యి నుదుటికే, బస్సు పోయినా చెయ్యి నుదుటికే.

డ్రామా మేడమ్ ఓపిక గల మనిషి కాదు. "ఆ చెయ్యెందుకమ్మా పైకి పోతోంది? తలనొప్పా?"

"మేడమ్, నిజానికి నాది ఇది కాదు. నేను సైన్సు మనిషిని. ఇంత ఎమోషన్ మాకు అలవాటుండదు."

మేడమ్ స్కూల్లో లెక్కలు రాక తన్నులు తిన్న మనిషి. సైన్సు అంటే ఆమెకు భయం, ఆ భయాన్ని బయటికి వెటకారంగా చూపించేది. సైన్సు చదివినవాళ్ళకు గుండె ఎండిపోతుందని ఆమె గట్టి నమ్మకం. ఎండిన గుండెలోంచి ఈ మాత్రం రావడమే ఎక్కువని ఆవిడా పాసు మార్కులు వేసేది. ఇలా నాలుగేళ్ళు గడిచిపోయాయి. కింద పడబోయినప్పుడల్లా పిల్లకు ఒక పక్క సారు, ఒక పక్క మేడమ్ పరుపులు పరిచి పెట్టారు.

ఇంట్లో ఒక్క అక్క మాత్రం పరుపు పరచలేదు. అక్క సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. సాయంత్రం కాళ్ళు లాగుతూ ఇంటికొచ్చి, చెల్లెలు పొయ్యి మీద వదిలేసిన పాలు పొంగిపోయిన వాసన పీల్చి, గుడ్డ తీసుకుని స్టవ్ తుడిచేది.

"పాలు చూడమన్నాను కదే."

"నాకు ఈ పనులు రావని తెలుసు కదా అక్కా. చదువుకునేదాన్ని."

"చదువులో మొన్న ఏదో పాడైందన్నావు?"

"అది కెమిస్ట్రీ. నాది అసలు నాటకం."

"నాటకంలో నిన్నేగా తిట్టారన్నావు."

"అక్కడ వాళ్ళకి సైన్సు బుర్ర అర్థం కాదక్కా."

అక్క గుడ్డ పిండుతూ, "నేను ఒకావిడ జుట్టు గొర్రెను గొరిగినట్టు గొరిగేసి, నిజానికి నేను టైలర్‌నండీ అంటే ఊరుకుంటుందా?" అంది.

"నీకు అర్థం కాదులే" అంది డబుల్. ఒక కత్తెర, ఒక దువ్వెన. ఇంతకంటే చిన్న బతుకు ఉంటుందా అనుకుని జాలిపడింది కూడా.

ఆఖరి ఏడాది ప్రిన్సిపాల్ కొత్త పద్ధతి పెట్టాడు. అంతకుముందు రెండు డిగ్రీలవాళ్ళకు ఏ డిపార్ట్‌మెంటు వైవా ఆ డిపార్ట్‌మెంటే చేసుకునేది. ఇకమీదట రెండు సబ్జెక్టుల పెద్దలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, విద్యార్థి రెండింటినీ కలిపి ఏదో ఒకటి చేసి చూపించాలి, ఇద్దరూ ఒప్పుకుంటేనే రెండు డిగ్రీలు. ఈ మాట వినగానే రెండు సబ్జెక్టులు చదివే మిగతా పిల్లలకు చెమటలు పట్టాయి. డబుల్ మాత్రం ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళకు కాలేజీకి బుద్ధొచ్చిందంది. తను రెండు శాస్త్రాల మధ్య వంతెననని క్యాంటీన్‌లో టీ తాగుతూ పది మందికి చెప్పింది. బ్యూరెట్‌కి కూడా చెప్పింది.

"నీలాంటివాడికి ఇది ఊహకు కూడా అందదు" అంది.

"అవును" అన్నాడు బ్యూరెట్. అని మళ్ళీ ల్యాబుకు పోయాడు.

ఆమె తయారుచేసిన ప్రదర్శన పేరు 'కన్నీటి రసాయనం'. చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది, ఆమెకు వేయలేదు. ఒక స్త్రీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఎవరి ఫోను కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఎదురుగా బల్ల మీద బ్యూరెట్, చిన్న ఫ్లాస్కు. మాట్లాడుతూ ఒక్కో చుక్క వదులుతుంది. ఫోను మోగుతుంది, చావు కబురు. సరిగ్గా ఆ క్షణాన ఫ్లాస్కులోది లేత గులాబీగా మారాలి. ఆలోచన, నిజం చెప్పొద్దూ, బాగుంది. చేతనైనవాళ్ళు చేస్తే కళ్ళు చెమర్చేవి.

వైవా రోజు సారూ మేడమూ మొదటిసారి పక్కపక్కన కూర్చున్నారు. నాలుగేళ్ళలో ఒకరి బిల్డింగులోకి ఒకరు అడుగుపెట్టినవాళ్ళు కాదు. సారు కుర్చీని అర అడుగు పక్కకు జరుపుకున్నాడు, రంగు అంటుకుంటుందేమోనన్నట్టు. మేడమ్ బల్ల మీది సీసాల వైపు అనుమానంగా చూసి శాలువా దగ్గరికి లాక్కుంది. మధ్యలో డబుల్, ముఖం వెలిగిపోతూ, కుళాయి మీద కుడిచెయ్యి వేసి మొదలుపెట్టింది.

మొదటి వాక్యాలు బల్ల దాటలేదు. సారుకు వినబడలేదు, అది నటనలో గొప్ప పద్ధతి అయ్యుంటుందనుకున్నాడు. చుక్కలు పడుతున్నాయి, మేడమ్‌కి అవి ఎందుకు పడుతున్నాయో తెలీదు, చాలా కష్టమైన ప్రయోగమే అనుకుంది. అప్పుడు ఫోను మోగింది. చావు కబురు వచ్చింది. నాలుగేళ్ళ అలవాటు ఊరికే పోతుందా, డబుల్ కుడిచెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది.

కుళాయి కట్టాల్సిన చెయ్యి అదే.

ఆమె కళ్ళు మూసుకుని దుఃఖపడుతుంటే, ఆ చెయ్యి విసురుకు పూర్తిగా తెరుచుకున్న కుళాయిలోంచి క్షారం ధారగా కారుతూనే ఉంది. ఫ్లాస్కు గులాబీ అయింది, ముదిరింది, బీట్‌రూట్ అయింది, నిండి బల్ల మీదికి పొర్లింది. అక్కణ్ణుంచి సారు కాయితాల మీదికి. ఆమె కళ్ళు తెరిచేసరికి సారు లేచి కుళాయి కట్టేస్తున్నాడు.

సారు చేతులు తుడుచుకుని మేడమ్ వైపు వంగి, మర్యాదగానే అన్నాడు. "మా సబ్జెక్టు సంగతి వదిలేయండి మేడమ్, పాపం అది ఆ అమ్మాయికి రాదు. నటన మాత్రం గొప్పగా ఉండే ఉంటుంది. నాకు తెలీదనుకోండి."

మేడమ్ ఆయన్ని వింతగా చూసింది. "నటనా? అది నటనని ఎవరన్నారు? నాలుగేళ్ళుగా ఆ చెయ్యి దించలేక చస్తున్నాను. మీ దగ్గర బాగా చదువుతుంది కదాని ఊరుకున్నాను."

"మా దగ్గరా?"

"మీ దగ్గరే. సైన్సు పిల్లనని చెప్పింది."

"నాకు నాటకాల మనిషినని చెప్పింది."

ఇద్దరూ కలిసి డబుల్ వైపు తిరిగారు.

"సార్" అంది డబుల్. "మేడమ్. నిజానికి నాది..."

ఆ వాక్యం అక్కడ ఆగింది. సారును చూస్తూ నాటకం అనబోతే పక్కనే మేడమ్ ఉంది. మేడమ్‌ను చూస్తూ సైన్సు అనబోతే పక్కనే సారు ఉన్నాడు. పారిపోవడానికి మూడో సబ్జెక్టు ఆమె చదవలేదు.

"చెప్పమ్మా" అంది మేడమ్. "నిజానికి నీది ఏది?"

డబుల్ కుడిచెయ్యి మళ్ళీ నుదుటి మీదికి ఎక్కింది. మేడమ్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేదు. సారు మాత్రం నవ్వలేదు.

చివరికి సారే చెప్పాడు. రెండు డిగ్రీలు ఇవ్వడం కుదరదు. ఒక్కటి కూడా ఇప్పుడే ఇవ్వడం కుదరదు. ఏదో ఒకటి ఎంచుకుంటే ఇంకో ఏడాది చదవనిస్తాం, ఆ ఏడాదిలో పని నేర్చుకుంటే అది ఇస్తాం. ఏది కావాలో చెప్పు.

"కెమిస్ట్రీ" అంది డబుల్. మేడమ్ నవ్వింది, సారు నవ్వలేదు, అంతకు మించి ఆ ఎంపికకు కారణమేమీ లేదు.

ఆ పెద్దలిద్దరూ కలిసి బయటికి నడిచారు. "ఆ గులాబీ రంగు ఎలా వస్తుందండీ అసలు?" అని మేడమ్ అడుగుతోంది. సారు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వరండా చివర ఆయన ఏదో అన్నాడు, ఆవిడ గట్టిగా నవ్వింది, ఆయన గొంతులోంచి కూడా నవ్వులాంటిది వినిపించింది. డబుల్ గొప్పలు చెప్పుకున్న వంతెన ఏర్పడింది. దాని మీద ఆమె లేదు. ఆమె గుడ్డ తీసుకుని బల్ల తుడవసాగింది. చాలాసేపు తుడిచింది, మరక పోలేదు.

ఇంటికెళ్ళి అక్కకు చెప్పింది. అక్క ఓదార్చలేదు, ఎత్తిపొడవనూ లేదు. "పాలు పెట్టాను, చూడు" అని స్నానానికి పోయింది. డబుల్ పొయ్యి ముందు కదలకుండా నిలబడి, పొంగు పైకి రాగానే కట్టేసింది.

కొత్త ఏడాది మొదలైంది. ల్యాబులో ఆమె పక్కన ఇప్పుడు తనకన్నా చిన్నపిల్లలు. వాళ్ళకు ప్రయోగాలు నేర్పించే ఉద్యోగం బ్యూరెట్‌కి వచ్చింది. తెల్లకోటు వేసుకుని బల్ల బల్లకూ తిరుగుతూ, మాట ఇంకా చుక్కచుక్కగానే రాలుస్తున్నాడు. ఆమె బల్ల దగ్గర ఆగాడు. ఫ్లాస్కులో బీట్‌రూట్ రసం. చుట్టూ ఉన్న చిన్నపిల్లలు మూతులు మూసుకుని నవ్వుతున్నారు.

వాడికి కక్ష లేదు, అదే ఎక్కువ బాధ. గొంతు తగ్గించి, ఆమెకు నచ్చే మాటే వెతికి అన్నాడు. "పర్లేదులే. నీది ఇది కాదు కదా. నువ్వు అసలు నాటకాల మనిషివి."

నాలుగేళ్ళు ఆమె అందరికీ నేర్పిన మాట అది. వాడు తప్పు లేకుండా అప్పజెప్పాడు. తల ఊపితే చాలు, పిల్లల నవ్వులు ఆగిపోతాయి, పరుపు మళ్ళీ కింద పరిచి ఉంటుంది. డబుల్‌కు ఏడుపొచ్చింది. చెయ్యి నుదుటి దాకా లేవబోయింది, దాన్ని అక్కడే ఆపి కుళాయి మీద పెట్టుకుంది.

"కాదు. నాది ఇదే" అంది. "నాకు రాదు. మళ్ళీ చూపించు."

బ్యూరెట్ ఫ్లాస్కు అందుకుని, అందులోది సింకులో పారబోసి, కడిగి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.